నాదమునకు ఛాయ

సంగీతము చెవికి సంబంధించినది; ఛాయాచిత్రము కంటికి సంబంధించినది. పాట పుట్టిన మరుక్షణముననే గాలిలో కలిసిపోవును. చిత్రము పుట్టిన పిమ్మట కదలదు, పలుకదు. ఇట్టి మూగ సాధనముతో గానమును పట్టి నిలుపవలెనని పూనుకొన్నవారు కొందరు గలరు. వారి పని పైకి కనబడునంత సులభమైనది కాదు.

కచేరి జరుగు చోట సాధారణముగా వెలుతురు తక్కువ. వెలుతురు తగ్గినకొలది కెమెరా కన్ను ఎక్కువసేపు తెరచియుండవలెను. కాని మృదంగము వాయించు చేయి అంతసేపు ఆగునా? సెకనులో 30వ వంతు కాలము తెరచినచో ఆ చేయి పొగవలె చెదరిపోవును. 500వ వంతు కాలమే తెరచినచో చేయి స్పష్టముగా నిలుచును గాని, చాలినంత వెలుగు లోనికి రాక చిత్రము చీకటియగును. ఈ చిక్కునకు ఉపాయ మొకటి గలదు. పైకెగసిన బంతి క్రిందికి దిగుటకు ముందు లిప్తపాటు ఆగునట్లే, పైకి లేచిన చేయియు ఆగును. గాయకుడు ఒక స్వరమును నిలిపి సాగించునపుడు అతని ముఖమును నిశ్చలమగును. ఆ తరుణమున మీట నొక్కవలెను. అయితే కన్ను చూచిన పిదప వ్రేలు కదలుటకు కొంత కాలము పట్టును. కావున ఆ తరుణము రానున్నదని ముందే ఎరిగియుండవలెను. అట్లెరుగుటకు పాట తెలిసియుండవలెను. ఈ విద్యలో కంటికంటె చెవికే ఎక్కువ పని యన్నచో అతిశయోక్తి కాదు.

అమెరికా దేశస్థుడైన విలియం గాట్లీబ్ (1917–2006) మొదట సంగీతమును గూర్చి వ్రాసినవాడే గాని చిత్రకారుడు కాడు. వాషింగ్టన్ పోస్టు అను దినపత్రికలో అతడు వారము వారము జాజ్ సంగీతమును గూర్చి వ్యాసములు వ్రాయుచుండెను. జాజ్ అమెరికాలోని నల్లజాతి ప్రజలలో పుట్టిన సంగీతము. అందు వాద్యకారుడు అప్పటికప్పుడు కల్పన చేయుచు సాగిపోవును. మన విద్వాంసుల మనోధర్మమును విన్నవారికి ఆ పద్ధతి బొత్తిగా క్రొత్తగా తోపదు. గాట్లీబు వెంట పత్రికవారు ఛాయాగ్రాహకుని పంపలేదు. అతడే కెమెరా చేతబట్టి ఆ పని నేర్చుకొనెను.

ఆ కాలపు పత్రికా కెమెరా పెద్దది, బరువైనది. ఒక్కొక్క చిత్రమునకు ఫిలిము మార్చవలెను. వెలుగునకై పెట్టిన బల్బు ఒక్కసారి మెరసి మాడిపోవును. ఇవన్నియు ఖరీదైన వస్తువులు. అందుచేత గాట్లీబు ఒక రాత్రి ఒక కళాకారునివి మూడో నాలుగో చిత్రములు మాత్రమే తీయుచుండెను. తక్కిన కాలమంతయు వినుటయే. నేడు ఒక్క గంటలో వందలకొలది చిత్రములు తీసి, ఇంటికి పోయి మంచిది వెదకుకొనువారికి ఈ నిగ్రహము వింతగా కనబడవచ్చును. గాట్లీబునకు కొరతయే గురువైనది.

1947వ సంవత్సరమున న్యూయార్కు నగరమున బిల్లీ హాలిడే అను గాయని పాడుచుండగా అతడు తీసిన చిత్రము మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆమె తల వెనుకకు వాల్చినది, నోరు తెరచియున్నది, కన్నులు అరమోడ్పులు. చిన్ననాటినుండి ఎన్నో ఇడుములు పడిన ఆమె ముఖసౌందర్యమును, కంఠములోని వేదనను ఒక్కచోట చూపవలెనని అతని కోరిక. ఆ చిత్రము చూచినవారు అది నెరవేరలేదనజాలరు. 1948లో అతడు సంగీత పత్రికారంగమును విడిచి, విద్యార్థులకు పాఠములు బోధించు బొమ్మల ఫిలిములు తయారుచేయుటకు పోయెను. 1995లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము అతని చిత్రములను కొనెను. అతని కోరిక ననుసరించి 2010 ఫిబ్రవరి 16వ తేదీ మొదలు అవి ప్రజల సొత్తైనవి. ఎవరైనను రుసుము చెల్లింపక వానిని అచ్చు వేసికొనవచ్చును.

ఆ దినములలోనే హెర్మన్ లెనార్డు అను మరియొకడు న్యూయార్కు సంగీతశాలలలో చిత్రములు తీసెను. శాలలోని దీపముల చెంతనే తన దీపముల నమర్చి, అక్కడి సహజమైన వెలుగునీడలు చెడకుండ అతడు జాగ్రత్తపడెడివాడు. 1948లో అతడు తీసిన డెక్స్‌టర్ గోర్డను చిత్రమున, సాక్సఫోనుతో విశ్రమించిన ఆ వాద్యకారునికంటె వెలుగులో తేలు పొగయే ముందుగా కంటబడును. 2005లో కత్రినా తుఫాను న్యూ ఆర్లియన్సు నగరమును ముంచినపుడు లెనార్డు అచ్చు వేసియుంచిన చిత్రములు వేలకొలది నశించినవి. మూలములగు నెగటివులను ముందే ఒక మ్యూజియములో భద్రపరచుటచే అవి మాత్రము దక్కినవి.

నేటి పెద్ద పెద్ద సంగీతోత్సవములలో ఛాయాగ్రాహకులకు వేదిక ముందు మొదటి మూడు పాటలవరకే అనుమతి యిచ్చుట పలుచోట్ల ఆచారము. ఫ్లాషు వెలిగింపరాదు. కన్నులలో మెరుపు కొట్టినచో పాడువారి ఏకాగ్రత చెడును, వినువారికిని చికాకు. ఈ కట్టుబాటు న్యాయమైనదే.

లెనార్డునకు ఒక సంవత్సరము శిక్షణ నిచ్చిన గురువు యూసుఫ్ కార్ష్ (1908–2002). ఆర్మీనియను కుటుంబమున జన్మించి, బాల్యముననే కెనడా చేరి, గొప్పవారి ముఖచిత్రములు తీయుటలో పేరు గన్నవాడు. 1954లో ఈయన పాబ్లో కసాల్సును చిత్రించుటకు ఫ్రాన్సులోని ప్రాడ్ అను చిన్న ఊరికి వెళ్లెను. సెల్లో అను తంత్రీవాద్యమున కసాల్సును మించినవారు లేరని ఆనాడు ప్రతీతి. స్పెయిను దేశము ఫ్రాంకో నియంతృత్వమునకు లోబడగా 1939లో ఆయన స్వదేశమును వీడెను. ఆ ప్రభుత్వమును గుర్తించిన దేశములలో కచేరి చేయనని పట్టుబట్టి మౌనము వహించెను. ఆయన కదలనందున 1950లో లోకమందలి వాద్యకారులే ప్రాడ్‌నకు వచ్చి, బాఖ్ అను జర్మను స్వరకర్త ద్విశతవర్ధంతికి ఉత్సవము జరిపిరి.

పాడుబడి సగము బాగుచేయబడిన ప్రాచీన మఠములో కార్ష్ కెమెరా నమర్చుచుండగా కసాల్సు సెల్లో తీసి బాఖ్ కృతిని వాయింప మొదలిడెను. వచ్చిన పని మరచునంతగా కార్ష్ లీనుడయ్యెను. ముఖచిత్రములకే ప్రసిద్ధుడైన ఆ మనుష్యుడు కసాల్సును వెనుకనుండియే చిత్రించెను. రాతిగోడలు, ఎత్తున ఒక చిన్న కిటికీ, కుర్చీలో ఒంటరిగా కూర్చున్న వృద్ధుని వీపు, అంతే. మరెవ్వరిని ఆయన ఎన్నడును అట్లు తీయలేదు.

తరువాత ఆ చిత్రమును బోస్టను నగరపు మ్యూజియములో ప్రదర్శించిరి. ప్రతిదినము ఒక వృద్ధుడు వచ్చి, దాని ముందు చాలసేపు నిలువబడెడివాడట. కారణమేమని అక్కడి అధికారి అడుగగా, ఆ వృద్ధుడు విసుగుతో అతనిని మాటాడవలదని వారించి, తాను సంగీతము వినుచున్నానని చెప్పెనట.