గండికోట మంత్రి, లండను మంత్రులు



జమ్మలమడుగు మీదుగా గండికోటకు వెళ్ళి పెన్నా లోయ చూసి వచ్చిన కుటుంబాలు మన కడప, కర్నూలు విచారణలలో చాలానే ఉంటాయి. ఈసారి వెళితే లోయ దగ్గరే ఆగిపోకండి. మాధవరాయస్వామి ఆలయం, జుమ్మా మసీదు కూడా చూడండి. రాజు పక్కనుండే మంత్రి పాలననే కాదు, ప్రజల ఆరాధనను కూడా ఎంతగా మార్చగలడో అక్కడ తెలుస్తుంది.

1650లో పెమ్మసాని చినతిమ్మానాయుడి నుండి ఈ కోటను పట్టుకున్నవాడు మీర్ జుమ్లా, గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా మంత్రి. పర్షియాలో నూనె వర్తకుని ఇంట పుట్టి, వజ్రాల వ్యాపారంతో పైకి వచ్చినవాడు. 1652లో టావెర్నియె అనే ఫ్రెంచి వర్తకుడు గండికోటలో ఆయనను కలిసి, చూసినదంతా రాసిపెట్టాడు. మీర్ జుమ్లా డేరాలో వట్టికాళ్ళతో కూర్చుని, వచ్చిన ఉత్తరాలను కాలివేళ్ళ సందుల్లో, ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు రాయించేవాడట. నేరస్థుల విచారణ, శిక్ష కూడా అక్కడికక్కడే. ఒక్క కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవారికి ఇది ముచ్చటగానే తోచవచ్చు!

కాని ఆ చేతులే గుళ్ళలోని రాగి విగ్రహాలను ఫిరంగుల కోసం పోగుచేయించాయి. వాటిని కరిగించే పనికి కుదిరినవాడు మాయె అనే ఫ్రెంచివాడు. అతడు క్రైస్తవ దేశం నుండి వచ్చినవాడేనన్న మాట మనం దాటవేయకూడదు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంతకూ కరగలేదని, చివరికి మాయె ఒక్క ఫిరంగి కూడా పూర్తి చేయలేకపోయాడని టావెర్నియె రాశాడు.

ఇలాంటిదే అంతకు నూరేళ్ళకు పైగా ముందు ఇంగ్లండులో మన శ్రీసభకు జరిగింది. ట్యూడర్ వంశపు రాజు ఎనిమిదవ హెన్రీ 1534లో చట్టం చేయించి, ఇంగ్లండు సభకు తానే అధిపతినన్నాడు. ఆయన మంత్రి తోమాసు క్రామ్‌వెల్ గొప్ప కార్యదక్షుడు. ప్రతి విచారణలో జ్ఞానస్నానాలు, వివాహాలు, భూస్థాపనలు రిజిస్టరులో రాయాలని 1538లో ఆజ్ఞ ఇచ్చింది ఆయనే. అయితే 1536 నుండి 1540 లోపల సుమారు 800 మఠాలను మూయించిందీ ఆయన యంత్రాంగమే. పైకప్పుల సీసాన్ని ఊడదీసి కరిగించారు, గంటలనూ కరిగించారు. మఠాల వాకిట అన్నం తినే బీదల సంగతి ఎవరికీ పట్టలేదు.

ప్రభువుతో చెడినప్పుడు మీర్ జుమ్లా మొగలు చక్రవర్తి షాజహాను పక్షం చేరి, 1656లో ఆయనకే వజీరు అయ్యాడు. క్రామ్‌వెల్‌కు ఆ దారి దొరకలేదు. ఏ రాజు కోసం అంతా చేశాడో ఆ రాజే 1540లో అతని తల తీయించాడు.

వారిరువురికీ భిన్నమైన దారి పట్టినవారు పునీత తోమాసు మోర్. 1529లో హెన్రీకి ఛాన్సలరు అయ్యారు. మతద్రోహులని తేలినవారిపట్ల ఆయనా కఠినంగానే ఉన్నారు, దాచవలసిన పనిలేదు. కాని రాజు శ్రీసభ మీద చేయి వేసినప్పుడు, 1532లో పదవి వదిలి ఇంటికి వెళ్ళిపోయారు. రాబడి పోయింది, ఇల్లు గడవడం కష్టమైంది. తరువాత చెరసాల. కూతురు మార్గరెట్ అక్కడికి వచ్చి, రాజు కోరిన ప్రమాణం చేసి బయటపడమని బతిమాలింది. ఆయన చేయలేదు. 1535 జులై 6న శిరచ్ఛేదనం జరిగింది. 2000లో రెండవ జాన్‌పాల్ జగద్గురువులు ఆయనను ప్రభుత్వ పాలకులకు, రాజకీయ నాయకులకు పాలక పునీతునిగా ప్రకటించారు.