ఇంటి మందుల గూడు: ఏది ఉంచవలెను, ఏది పారవేయవలెను?

ఆషాఢమున గోదావరిలో ఎర్రనీరు కనబడగనే మా పట్టిసీమ ఇండ్లలో సామాను అటకకెక్కించుట పరిపాటి. 1986 ఆగస్టు వరదను చూచినవారికి ఆ భయము నేటికిని పోలేదు. 2022 జూలైలో భద్రాచలము వద్ద నీటిమట్టము 71 అడుగులు దాటినదని తెలియగనే అందరును మరల మూటలు కట్టిరి. ఆ మూటలను దించునపుడు పనికివచ్చునది ఏదో, పనికిరానిది ఏదో ఏరువారు అరుదు. పాతబట్టలు, సొట్టపడిన గిన్నెల సంగతి ఎట్లున్నను, మందుల మూట విషయమున ఈ అశ్రద్ధ తగదు.

ఆ వరద తీసిన పిమ్మట ఒక గృహిణి తన అత్తగారిని వెంటబెట్టుకొని వచ్చినది. "ఇరవై రోజులనుంచి తాలీసాది చూర్ణం తేనెతో ఇస్తున్నామండీ, దగ్గు తగ్గలేదు" అన్నది. సీసా తెప్పించి చూచితిని. చూర్ణము గడ్డకట్టి, వాసన కోల్పోయియున్నది. ఇంటిలో దంచి మూడేండ్లయినదట. నేను వేరు మందు ఈయలేదు. దగ్గు రెండు వారములు దాటినది గనుక కఫపరీక్షకై ప్రభుత్వ ఆసుపత్రికి పంపితిని. క్షయ అని తేలినది. ఆరు నెలలు అక్కడి మందులు వాడి ఆ పెద్దమ్మ కోలుకొనిరి. క్రొత్త చూర్ణమైనను క్షయను మాన్పియుండదు. కాని ఇంటిలో మందున్నదన్న ధైర్యమే ఇరువది దినములు మ్రింగివేసినది.

"ఆయుర్వేద మందు పాతబడిన కొలది బలము హెచ్చును గదా?" అని పలువురు అడుగుదురు. ఇది సగము మాత్రమే నిజము. శార్ఙ్గధర సంహిత ప్రకారము చూర్ణము రెండు మాసములకు, ఔషధములతో కాచిన నెయ్యి, తైలములు నాలుగు మాసములకు, మాత్రలు, లేహ్యములు సంవత్సరమునకు వీర్యహీనములగును. కాలముతో గుణము పెరుగునవి ఆసవారిష్టములు, భస్మములు, రసౌషధములు. శొంఠిని దంచగనే గాలియు, చెమ్మయు ప్రతి రేణువును తాకును. అందులోని పరిమళము ఎగిరిపోవును. అరిష్టమునందు పులియుటచే పుట్టిన మద్యమే దానిని కాపాడును. కావున శొంఠి, మిరియములు దంచకయే నిలువయుంచి, పదిదినములకు చాలినంత మాత్రమే దంచుకొనుట మేలు. అంగడిలో కొన్న ఔషధమునకు సీసాపై ముద్రించిన గడువే ప్రమాణము. గడువు మిగిలియున్నను బూజు పట్టినను, తైలము కనరు వాసన వేసినను పారవేయవలెను. రసౌషధములు చెడకపోవచ్చును. అయినను ఒకరికి ఇచ్చినది మిగిలినదని మరియొకరికి పెట్టరాదు.

పేరు లేని సీసాను వాసన చూచి పోల్చుకొను ప్రయత్నము వలదు. దగ్గుమందు సీసాలో కిరోసిన్ పోసి పెట్టు ఇండ్లు నేనెరుగుదును. పిల్లలు కిరోసిన్ త్రాగినచో వాంతి చేయించరాదు. తత్‌క్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఏరివేసిన మందులను గోదావరిలో కలుపుట మనవారికి అలవాటు. ఆ నీటినే దిగువవారు త్రాగుదురు. చూర్ణములను, లేహ్యములను పశువులు, పిల్లలు అందుకొనకుండ దూరముగా గోతిలో పూడ్చవచ్చును. రసౌషధములను, ఇంగ్లీషు మాత్రలను మాత్రము నూతిదరి పూడ్చక, మందుల దుకాణములోగాని ఆరోగ్య కేంద్రములోగాని అడిగి అప్పగించుడు.

మిగిలినవానిని ఎచట పెట్టవలెనో చరకుడు కల్పస్థానమున చెప్పినాడు. నిప్పు, నీరు, ఆవిరి, పొగ, దుమ్ము, ఎలుకలు చేరని గదిలో, మూతలు బిగించి, ఉట్టిమీద వ్రేలాడదీయమన్నాడు. మనము పొయ్యి ప్రక్క గూటిలో పెట్టుచున్నాము! ఏటిగట్టు ఇండ్లకు ఉట్టి మిగుల అనుకూలము. వరద వచ్చినను తడవదు, పిల్లల చేతికిని అందదు. ప్రతి సీసాకు మందు పేరు, దంచిన లేక కొన్న తేదీ వ్రాసిన కాగితమును అంటింపుడు. జ్యేష్ఠమాసమున, ఎర్రనీరు రాకమునుపే, ఒక పూట కూర్చుండి ఉట్టిని దించి చూచుకొనుడు.