బండి పొగ – ఇంటి వరండా



చలికాలం తెల్లవారుజామున బండిని వరండాలోనే స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కేలోపు లోపలికి వెళ్ళి టీ తాగి వచ్చేవారిని మేము చాలామందిని చూశాము. వద్దంటే “కొత్త బండి సిస్టర్, పొగే రాదు” అంటారు. ఆ మాటలో సగమే నిజం.

పూర్వపు టూ-స్ట్రోక్ బండ్లలో పెట్రోలుతోపాటు ఆయిల్ కూడా కాలి నీలం పొగ వచ్చేది. కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోయేది. ఫోర్-స్ట్రోక్ ఇంజన్లతో అది బాగా తగ్గింది. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో బీఎస్-6 నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని కొత్త బండ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పొగగొట్టంలోని సెన్సార్ ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెబుతుంది, దానినిబట్టి పెట్రోలు కొలతగా పడుతుంది.

ఆ తరువాత పొగ కేటలిటిక్ కన్వర్టర్ గుండా పోతుంది. తేనెపట్టు వంటి సన్నని అరలు, వాటి గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాల పూత. విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ అక్కడ కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా చాలావరకు తగ్గుతాయి.

అయితే ఈ కన్వర్టర్ సుమారు 300 డిగ్రీలు వేడెక్కితేగాని సరిగా పనిచేయదు. పైగా చల్లని ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అంటే మీరు టీ తాగే ఆ మొదటి నిమిషాల్లోనే విషం ఎక్కువగా వస్తుంది, అదీ పిల్లలు పడుకున్న గది పక్కనే.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం చూసి పైత్యం అనుకుంటారు. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషను కూడా ఇక్కడ మోసపోతుంది, నంబరు బాగానే చూపిస్తుంది. గనుక ఆసుపత్రికి వచ్చినప్పుడు “ఇంట్లో బండి ఆన్‌లో ఉంది” అని తప్పక చెప్పండి. గర్భిణీలకు, కడుపులోని బిడ్డకు ప్రమాదం మరీ ఎక్కువ. ఎవరైనా సొమ్మసిల్లితే వెంటనే ఆరుబయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి.

బండిని వీధిలోకి నెట్టుకొని వెళ్ళి అక్కడ స్టార్ట్ చేయండి. ఇంజెక్షన్ బండికి అర నిమిషం చాలు, మొదట మెల్లగా నడిపితే అదే వేడెక్కుతుంది. శబ్దం కోసం సైలెన్సర్ మార్పించే తమ్ముళ్ళకు ఒక మాట: చాలా బండ్లకు కన్వర్టర్ ఉండేది ఆ గొట్టంలోనే. అది తీయిస్తే కన్వర్టర్ కూడా దానితోపాటే పోతుంది.