చివరి స్థానము
(ఇంగ్లండు నాలుగవ డివిజను ఫుట్‌బాలులో 1986-87వ సంవత్సరము)

సాంవత్సరిక పరీక్షలు ముగిసిన పిదప ప్రమోషను జాబితాను పాఠశాల వసారాలో అంటించు దినమున బాలబాలికలు దానిచుట్టు మూగుట మేము ఏటేట చూచుచున్నాము. బాగుగా చదివినవారు జాబితాను పైనుండి చదువుదురు. తమ విషయమై సందేహము గలవారు క్రిందినుండి చదువుదురు. ఈ రెండవవారి ముఖములను చూచినపుడెల్ల మాకు ఇంగ్లండు దేశపు ఫుట్‌బాలు కథ యొకటి జ్ఞప్తికి వచ్చుచుండును. దానిని ఈ సంచికయందు మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును వివరింపదలచితిమి. కప్పులు గెలిచినవారి ప్రసక్తి ఇందు స్వల్పము. కట్టకడపట నిలువకుండుటకై పాటుపడిన మూడు జట్ల సంగతియే ముఖ్యము.

1. తరగతుల ఏర్పాటు

ఇంగ్లండులో ఫుట్‌బాలు లీగు 1888వ సంవత్సరమున స్థాపింపబడెను. ఆస్టన్ విల్లా క్లబ్బునకు చెందిన విలియం మెక్‌గ్రెగర్ అను బట్టల వర్తకుడు దీనికి మూలపురుషుడు. ప్రతి జట్టును తక్కిన ప్రతి జట్టుతో ఏటికి రెండుమారులు, ఒకమారు తన మైదానమునను, ఒకమారు ఎదుటివారి మైదానమునను, ఆడవలెనని నియమము చేసిరి. మొదట చేరిన క్లబ్బులు 12. పిమ్మట 1892లో రెండవ డివిజనును, 1920లో మూడవ డివిజనును, 1958లో నాలుగవ డివిజనును ఏర్పడెను. మనము చెప్పుకొనబోవు కాలమునకు లీగునందు మొత్తము 92 క్లబ్బులుండెను. నాలుగవ డివిజనులో 24 జట్లు. కావున ఒక్కొక్క జట్టు ఆడవలసిన ఆటలు 46.

ఈ డివిజనులు మన పాఠశాల తరగతులవంటివి. ఏడాది చివర పైనున్న జట్లు పై డివిజనునకు పోవును. అడుగుననున్నవి క్రిందికి దిగును. కాని ఒక భేదము గలదు. మన పాఠశాలలో ఒక బాలుడు పై తరగతికి పోయినందువలన మరియొకనికి నష్టము లేదు. అందరును ఉత్తీర్ణులు కావచ్చును. లీగునందో, చోట్లు పరిమితములు. ఒకడు ఎక్కవలెనన్న మరియొకడు దిగియే తీరవలెను. ఈ సంగతిని మనస్సునందుంచుకొని తరువాతి భాగమును చదువవలెను.

2. ఓట్ల పద్ధతి

నాలుగవ డివిజనునకు క్రింద లీగులో వేరు తరగతి లేదు. అందుచేత అడుగున నిలిచిన నాలుగు జట్లు, తమ్ము మరల చేర్చుకొనవలసినదని ఏటేట తోడి క్లబ్బులను వేడుకొనవలసియుండెను. తోడివారు ఓట్లు వేసి నిర్ణయించుచుండిరి. చిరకాలపు పరిచయము గలవారిని వెళ్లగొట్టుటకు ఎవరికిని మనసొప్పదు గదా. కావున సాధారణముగా పాతవారే నిలుచుచుండిరి. 1978లో సౌత్‌పోర్టు పోయి విగన్ అథ్లెటిక్ వచ్చిన తరువాత 1986వరకు ఈ ఓట్లవలన ఒక్క క్లబ్బయినను బయటికి పోలేదు.

ఇది దయయే. అయినను ద్వారము వెలుపల నిలిచినవారికి అది దయగా తోచలేదు. బయటి క్లబ్బులలో మేలైనవి 1979లో ఒక లీగుగా కూడెను. అందు మొదటి విజేతయైన ఆల్ట్రింగమ్ క్లబ్బు 1980లో లీగున చోటు కోరగా, అడుగున నిలిచిన రోచ్‌డేలునకు 26 ఓట్లును, ఆల్ట్రింగమ్‌నకు 25 ఓట్లును వచ్చెను. ఒక్క ఓటుతో తలుపు మూతపడెను. ఇక డెవన్ తీరమునందలి టార్కీ జట్టు 1985లోను, 1986లోను వరుసగా అందరికంటె అడుగున నిలిచియు, రెండుమారులును ఓట్లచేత నిలుపబడెను.

3. క్రొత్త నియమము

ఈ విధానము న్యాయము కాదని చిరకాలముగా వచ్చుచున్న మొర తుదకు ఫలించెను. 1986-87వ సంవత్సరమునుండి నాలుగవ డివిజనులో కడపట నిలిచిన జట్టు ఓటుతో నిమిత్తము లేకయే లీగును విడువవలెననియు, కాన్ఫరెన్సు అను బయటి లీగు విజేత, దాని మైదానము తగినదైనచో, ఆ చోటికి రావలెననియు నిబంధన ఏర్పడెను. ఆ యేడు బయటి విజేత యార్క్‌షైరు సముద్రతీరమునందలి స్కార్‌బరో జట్టు. దాని మేనేజరు నీల్ వార్నక్.

డివిజను పై భాగమున నార్తాంప్టన్ టౌన్ 99 పాయింట్లతో, 103 గోళ్లతో ప్రథమ స్థానమును సులభముగా పొందెను. అడుగు భాగమున మాత్రము కడపటి దినమువరకు ఏమియు తేలలేదు.

4. 1987 మే 9

ఆ దినము శనివారము. ఉదయమున అడుగుననున్న మూడు జట్ల స్థితి యిది: లింకన్ సిటీ 48 పాయింట్లు, టార్కీ 47, బర్న్లీ 46. గెలిచినవారికి 3 పాయింట్లు, ఆట సమమైనచో ఒక్కొక్కరికి 1, ఓడినవారికి సున్న; ఇది 1981నుండి వచ్చిన లెక్క.

బర్న్లీ లాంకషైరునందలి నూలుమిల్లుల పట్టణము. 1888లో లీగును స్థాపించిన 12 క్లబ్బులలో నిదియొకటి. 1921లోను, 1960లోను దేశమందెల్ల ప్రథమ స్థానము నొందిన జట్టు, నేడు కట్టకడపట నిలిచెను. ఆనాడు తాను గెలువవలెను. అదియు చాలదు, తక్కిన రెంటిలో ఒకటైనను జారవలెను. మామూలుగా వచ్చువారికి అనేక రెట్లుగా, 15 వేలకు మించిన జనము టర్ఫ్ మూర్ మైదానమున చేరిరి. ఆ సమ్మర్దముచేత ఆట కొంత ఆలస్యముగా ఆరంభమయ్యెను. ఎదుటి జట్టగు ఓరియంట్ ఊరక వచ్చినది కాదు. పై డివిజనునకు పోవు ప్లేఆఫ్ ఆటలలో చోటు దొరకవలెనన్న దానికిని గెలుపు కావలసియుండెను. నీల్ గ్రూకాక్ ఒక గోలును, ఇయాన్ బ్రిటన్ మరియొక గోలును చేసిరి. ఓరియంట్ ఒక గోలు తీర్చెను. పిదప ఎంత పెనగినను రెండవది రాలేదు. బర్న్లీ 2-1 గెలిచి 49 పాయింట్లకు చేరెను.

టార్కీ తన మైదానముననే క్రూ జట్టుతో ఆడుచు, సగము ఆట ముగియునప్పటికి రెండు గోళ్లు వెనుకబడియుండెను. తరువాత జిమ్ మెక్‌నికల్ అను ఆటగాడు ఒక గోలు తీర్చెను. ఆట ముగియవచ్చుచుండగా విచిత్రము జరిగెను. గీతదగ్గరకు పరుగెత్తివచ్చిన మెక్‌నికల్‌ను చూచి, అచట కాపున్న పోలీసు కుక్క అతని తొడను కరచెను. గాయమునకు కట్టుకట్టుటలో పోయిన నిమిషములను రెఫరీ ఆట చివర కలిపెను. ఆ కలిపిన కాలమునందే పాల్ డాబ్సన్ రెండవ గోలు చేసెను. ఆట 2-2 సమమయ్యెను. టార్కీకి 48 పాయింట్లు.

లింకన్ వేల్సు దేశమందలి స్వాన్సీలో 2-0 ఓడిపోయెను. దానికిని 48 పాయింట్లే నిలిచెను. సమానులలో గోళ్ల భేదమును చూతురు. చేసిన గోళ్లనుండి పొందిన గోళ్లను తీసివేయగా టార్కీకి 16, లింకన్‌కు 20 తక్కువయుండెను. ఉదయమున మూటిలో మీదనున్న జట్టు సాయంకాలమునకు అట్టడుగున నుండెను. ఓట్లు లేకుండ లీగునుండి దింపబడిన మొదటి క్లబ్బు లింకన్ సిటీ.

5. లెక్క చూచుట

కుక్క కరవకున్నచో లింకన్ నిలిచియుండునని చెప్పువారు గలరు. అది అసత్యము కాదు. టార్కీ ఓడియున్నచో 47తో అదియే పోవలసినది. కాని ఉపాధ్యాయులమైన మేము లెక్కను అంతతో విడువజాలము. మూడు జట్ల 46 ఆటల ఫలితములివి:

బర్న్లీ: గెలుపులు 12, సమములు 13, ఓటములు 21.
టార్కీ: గెలుపులు 10, సమములు 18, ఓటములు 18.
లింకన్: గెలుపులు 12, సమములు 12, ఓటములు 22.

గెలుపునకు 3కు బదులు 2 పాయింట్లిచ్చు పాత పద్ధతినిబట్టి పిల్లలు కాగితముమీద లెక్కించి చూడవచ్చును. టార్కీకి 38, బర్న్లీకి 37, లింకన్‌కు 36 వచ్చును. అప్పుడును లింకనే కడపటిది. కావున తప్పు లెక్క పద్ధతిది కాదు.

మరియొక సంగతి. లింకన్ ఓడిన 22 ఆటలలో ఏ యొక్కటి సమముగా ముగిసియున్నను, దానికి 49 పాయింట్లు వచ్చి, అది అడుగున పడకయుండెడిది. ఆ యొక్కటి మే నెల ఆటయే కానక్కరలేదు. శరత్కాలమున, ఎవరును గమనింపని యొక సాయంకాలమున పోయిన పాయింటు, కడపటి దినమున పోయిన పాయింటంతటిదే. కాని కడపటిదానిని లోకము చూచును. మొదటిదానిని ఎవరును జ్ఞాపకముంచుకొనరు. పరీక్ష దినమున కన్నీరు కార్చు బాలుడు జూలైనెలలో మానివేసిన పాఠమును తలచుకొనడు. ఆ దినమున అతనికి దానిని జ్ఞాపకము చేయుట ధర్మము కాదు. జూలైలోనే చేయుట మా ధర్మము.

6. పడిన పిదప

లింకన్ క్లబ్బు మూతపడలేదు. కాలిన్ మర్ఫీ అను పూర్వపు మేనేజరు మరల వచ్చెను. మరుసటి యేడు, 1988లో, ఆ జట్టు కాన్ఫరెన్సు విజేతయై లీగునకు తిరిగివచ్చెను. అయితే అందరికిని అట్లే జరిగెనని చెప్పిన మేము పిల్లలను మోసపుచ్చినవారమగుదుము. 1988లో దిగిన న్యూపోర్ట్ కౌంటీ అప్పులలో మునిగి 1989లో మూతపడెను. ఆ యూరివారు క్రొత్త క్లబ్బును స్థాపించి, ఎంతో క్రిందినుండి మెట్టుమెట్టుగా ఎక్కి, 2013లో లీగును చేరిరి. ఎక్కి వచ్చిన స్కార్‌బరోకును స్థిరత్వము కలుగలేదు. 1999 మే 8న కార్లైల్ జట్టు గోలుకీపరు జిమ్మీ గ్లాస్, ఆట చివర కలిపిన నిమిషములలో ముందుకు పరుగెత్తి స్వయముగా గోలు చేయగా, కార్లైల్ నిలిచెను. స్కార్‌బరో ఒక్క పాయింటు తేడాతో దిగెను. 2007లో ఆ క్లబ్బు అంతరించెను.

బర్న్లీ నానాటికి కోలుకొని 2009లో దేశపు ప్రథమ శ్రేణియగు ప్రీమియర్ లీగున ప్రవేశించెను. లింకన్ 2011లో మరల లీగునుండి దిగెను. ఈమారు ఆరేండ్లు బయట నుండవలసివచ్చెను. ఆ యారవ యేట, 2017 ఫిబ్రవరి 18న, ఎఫ్.ఏ. కప్పు పందెములలో లింకన్ జట్టు బర్న్లీతో ఆడుటకు టర్ఫ్ మూర్‌నకే పోయెను. బర్న్లీ ప్రథమ శ్రేణిలోనిది. లింకన్ అయిదవ శ్రేణిలోనిది. ఆట ముగియవచ్చుచుండగా షాన్ రాగెట్ తలతో కొట్టిన బంతి గీత దాటెను. లింకన్ 1-0 గెలిచెను. ముప్పదియేండ్ల క్రిందట ఏ మైదానమందలి గెలుపు తన్ను అడుగునకు త్రోసెనో, ఆ మైదానమందే! ఆ వసంతముననే లింకన్ తన లీగును గెలిచి పైకి వచ్చెను.

7. తలిదండ్రులకు ఒక మాట

ప్రమోషను జాబితా తయారగు దినమున ఉపాధ్యాయులమందరము ఒక బల్లచుట్టు కూర్చుండి, కొన్ని మార్కులు తక్కువైనవారి పేర్లను విచారించుచుందుము. అది యొక విధముగా ఆ పాత ఓట్ల పద్ధతియే. మాకు తెలిసిన పిల్లలు. వారి ఇండ్లు తెలియును. మా మనసు కరుగును. కొందరిని దాటింతుము. అట్లు ఏటేట దాటింపబడి, పై తరగతి పాఠము తలకెక్కక, వెనుక బల్లమీద మౌనముగా కూర్చుండు బాలుని చూచినపుడు, మేము చేసినది దయయా, లేక మా కష్టము మేము తప్పించుకొనుటయా యని సందేహింతుము. టార్కీకి రెండుమారులు దొరకిన దయ, దాని ఆటను బాగుచేయలేదు.

కాని లెక్క కఠినముగా నుండవలెనన్నచో, పడినవానికి మరల ఎక్కుటకు మెట్టు ఉండవలెను. 1987నాటి నియమములో మేలైన భాగ మిదియే. అది ఒకనిని దింపుటతో ఆగలేదు. వెలుపలివానికి తలుపు తెరచెను, దిగినవానికిని అదే తలుపును తెరచియుంచెను. మన పిల్లలకు ఆ మెట్టు తలిదండ్రుల చేతిలో నున్నది. నిలిచిపోయిన బాలుని చదువు మాన్పించి పనికి పంపువారు, నిలిచిపోయిన బాలికకు పెండ్లి తలపెట్టువారు ఏటేట కొందరుందురు. అట్టి పేరొకటి జూను నెల హాజరుపట్టీలో కనబడకపోయినపుడు మాకు కలుగు బాధ, ఫలితములు చూచిన దినమున కలుగు బాధకంటె ఎక్కువ.

తలిదండ్రులారా, ఈ యేడు మీ బిడ్డ పేరు జాబితాలో లేకున్నచో, జూనులో బడి తెరచునాటికి ఆ బిడ్డను మరల మాయొద్దకు పంపుడు. లింకన్‌వారు తిరిగివచ్చుటకు ఒక్క యేడు పట్టెను; న్యూపోర్ట్‌వారికి ఇరువదియైదేండ్లు పట్టెను. మీ బిడ్డకు కావలసినది ఒక్క యేడే.