పాత విద్యుత్ బకాయిలు – వసూలునకు కాలపరిమితి

కృష్ణానదీ తీరమున, హైదరాబాదు–కర్నూలు రహదారిపై నున్న బీచుపల్లి పరిసర గ్రామములలో వీధిదీపములు, తాగునీటి మోటార్లు, ఇంటి దీపములు అన్నియు విద్యుత్తుపైననే ఆధారపడి యున్నవి. ఏనాటిదో యొక బకాయి చూపి, వెంటనే చెల్లింపనిచో కనెక్షను తొలగింతుమని నోటీసు వచ్చినపుడు గ్రామస్థుడు మొదట పరుగెత్తి వచ్చునది పంచాయతీ సభ్యుని యొద్దకే. కావున ఈ విషయమున చట్ట మేమి చెప్పుచున్నదో మన మందరమును తెలిసికొనుట యవసరము.

పూర్వము అమలులో నుండిన 1910 నాటి భారత విద్యుత్ చట్టము ప్రకారము 7 దినముల నోటీసుతో సరఫరా నిలుపవచ్చును. పాత బకాయికి అందు గడువేదియు లేకుండెను. 2003 నాటి విద్యుత్ చట్టము 56వ సెక్షను ఈ స్థితిని మార్చినది. ఇపుడు సరఫరా నిలుపుటకు ముందు 15 పూర్తి దినముల వ్రాతపూర్వక నోటీసు ఈయవలెను. ఒక మొత్తము మొదట చెల్లింపవలసిన తేదీ నుండి 2 సంవత్సరములు దాటినచో, దానికై సరఫరా నిలుపరాదు. అయితే ఆ మొత్తమును బకాయిగా ఎడతెగక చూపుచు వచ్చి యుండినచో ఈ రక్షణ వర్తింపదు.

ఒక ఉదాహరణము గైకొందము. ఒక గృహస్థు 2021 జూన్ 15వ తేదీలోగా చెల్లింపవలసిన 800 రూపాయల బిల్లు చెల్లింపలేదనుకొందము. తరువాతి బిల్లులలో ఆ బకాయి ఎక్కడను కనబడలేదు. 2024లో దానికై నోటీసు వచ్చినచో, 2 సంవత్సరముల గడువు 2023 జూన్ తోనే ముగిసినది గనుక కనెక్షను తొలగించుటకు వీలులేదు. కాని ప్రతి బిల్లులోను ఆ 800 రూపాయలు బకాయిగా చూపబడుచు వచ్చినచో గడువు దాటినదను వాదము నిలువదు. అందువలననే పాత బిల్లులను భద్రపరచుట ముఖ్యము.

లెక్కలో పొరపాటు జరిగి, సంస్థ తరువాత అదనపు బిల్లు వేసిన సందర్భము వేరు. రాజస్థానమునందలి అజ్మీరు విద్యుత్ పంపిణీ సంస్థ వ్యాజ్యములో ఇట్టి ప్రశ్నయే వచ్చినది. 2009 జూలై నుండి 2011 సెప్టెంబరు వరకు తప్పు రేటు చొప్పున బిల్లులు వేసి, 2014 మార్చిలో ఆ సంస్థ అదనపు మొత్తమును కోరినది. 2020 ఫిబ్రవరి 18వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, పొరపాటు బయటపడిన పిమ్మట అదనపు బిల్లు పంపవచ్చుననియు, కాని 2 సంవత్సరములు దాటిన యా మొత్తమునకై సరఫరా నిలుపరాదనియు నిర్ణయించినది.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దేమనగా, గడువు తీరినంత మాత్రమున బాకీ రద్దు కాదు. దీపము ఆర్పివేయుదుమను ఒత్తిడి మాత్రమే తొలగును. సివిలు దావా మున్నగు ఇతర మార్గములు వేరుగా నుండును. వానికి గల గడువులును వేరు. “రెండేండ్లు దాటినది, ఇక చెల్లింప నక్కరలేదు” అని గ్రామస్థులకు చెప్పుట వారిని చిక్కులలో పడవేయుటయే యగును.

నోటీసు వచ్చినపుడు సభ్యులు ఈ క్రింది విధముగ సహాయము చేయవచ్చును:

1. బకాయి ఏ నెలకు ఎంత, ఏ తేదీన చెల్లింపవలసి యుండెనో వివరము కోరుచు సంస్థకు దరఖాస్తు వ్రాయించి, అందినట్లు రసీదు పొందవలెను.

2. తరువాతి బిల్లులన్నిటిలో ఆ మొత్తము చూపబడినదో లేదో సరిచూడవలెను.

3. వివాద మున్నచో, కోరిన మొత్తమును గాని, గడచిన 6 నెలల సగటు చొప్పున లెక్కించిన ఛార్జీని గాని, ఏది తక్కువయో అది, అభ్యంతరము తెలుపుచు చెల్లింపవచ్చును. వివాదము తేలువరకు సరఫరా నిలుపరాదు.

4. సంస్థ సమాధానము తృప్తికరము కానిచో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అటుపిమ్మట విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసికొనవచ్చును.

వీధిదీపములకు, నీటి మోటార్లకు బిల్లులు చెల్లించు పంచాయతీయు నొక వినియోగదారే. పాలకవర్గములు మారినను బిల్లులు, రసీదులు చెదరిపోకుండ ఒక రిజిస్టరు నుంచినచో, ఎన్నడో గడచిన కాలపు బకాయి లెక్క వచ్చినను ఊరి నీటికి, వెలుగునకు అంతరాయము కలుగకుండ కాపాడుకొనగలము.