మూత్రం బందయినప్పుడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: వెలిమెలలో 68 ఏళ్ల పెద్దాయనకు జలుబు మాత్ర వేసుకున్న రాత్రే మూత్రం బందయింది. తెల్లవారే దాకా ఆగవచ్చా? మాత్రకూ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: ఆగకూడదు. పొత్తికడుపు ఉబ్బి, నొప్పితో మెలికలు తిరుగుతున్నా చుక్క రాని ఈ స్థితిని తీవ్ర మూత్రనిరోధం అంటారు. మూత్రనాళం చుట్టూ ఉండే ప్రోస్టేట్ గ్రంథి వయసుతో పాటు పెరిగి దారిని ఇరుకు చేసినా, మూత్రాశయ కండరం ఏళ్ల తరబడి బలంగా నెట్టుతూ నెగ్గుకొస్తుంది. అయితే ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్, ఫినైల్ఎఫ్రిన్ వంటి మందులు మూత్రాశయ ముఖద్వారాన్ని బిగిస్తాయి, వాటితో కలిపి ఇచ్చే క్లోర్‌ఫెనిరమిన్ కండరం పట్టును సడలిస్తుంది; అందువల్ల అప్పటిదాకా నెగ్గుకొచ్చిన కండరం ఆ రాత్రి ఓడిపోతుంది. మలబద్ధకం, మద్యం, ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు కూడా ఇలాగే చేయగలవు. నీళ్లు ఎక్కువగా తాగిస్తే మూత్రం వస్తుందన్న నమ్మకం ప్రమాదకరం, ఎందుకంటే మామూలుగా 400 నుంచి 500 మిల్లీలీటర్లు పట్టే మూత్రాశయం మరింత సాగి, కండరం శక్తి కోల్పోతుంది. 108కు ఫోన్ చేసి, పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి వంటి దగ్గరి ఆసుపత్రికి రాత్రికి రాత్రే చేర్చాలి.

ప్రశ్న: ఆసుపత్రిలో మూత్రం తీయడానికి పైపు వేస్తే ఇక జన్మంతా సంచితోనే బతకాలా?

జవాబు: చాలామందికి అక్కర లేదు. అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ పేరుతో 1930ల నుంచి వాడుకలో ఉన్న ఈ పైపు కొసన చిన్న బుడగ ఉంటుంది. లోపలికి చేరాక అందులో శుద్ధజలం నింపడంతో పైపు జారిపోకుండా నిలుస్తుంది, కాబట్టి బుడగ ఖాళీ చేయకుండా లాగితే మూత్రనాళం చీలి రక్తస్రావం అవుతుంది. ప్రోస్టేట్ వల్ల మూత్రం ఆగినవారికి సాధారణంగా టామ్సులోసిన్ వంటి మందు మొదలుపెట్టి, రెండు మూడు రోజుల తర్వాత పైపు తీసి చూస్తారు. అప్పటికీ రాకపోతే శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు. పైపు ఎందుకు వేశారో, ఏ రోజు తీస్తారో అడిగి చీటీ మీద రాయించుకోవడం కుటుంబం హక్కు, ఎందుకంటే పైపు ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. సంచిని మూత్రాశయం కంటే కిందికే, నేలకు తగలకుండా ఉంచాలి. జ్వరం, చలి, నడుము పక్కల నొప్పి వంటి లక్షణాలేవీ లేకుండా పరీక్షలో క్రిములు కనిపించినంత మాత్రాన యాంటీబయాటిక్ వాడనక్కర లేదు.

ప్రశ్న: నొప్పి లేదు, కానీ షుగర్ ఉన్న తల్లికి మూత్రం చుక్కచుక్కగా కారుతూనే ఉంది. ఇది కూడా మూత్రనిరోధమేనా?

జవాబు: కావచ్చు. షుగర్ నరాలను దెబ్బతీస్తే మూత్రాశయం నిండిన సంగతే తెలియదు, నిండి పొర్లిన మూత్రం మాత్రమే కారుతుంది. మూత్రం పోసిన వెంటనే స్కానింగ్‌లో ఎంత మిగిలిందో చూస్తే విషయం తేలుతుంది. ఆలస్యమైతే కిడ్నీలు దెబ్బతినవచ్చు.

ప్రశ్న: ఫ్యాక్టరీలో ఎత్తు నుంచి పడి వెన్నుపాము దెబ్బతిని, మూత్రం పోయలేని కార్మికుడు తానే పైపు వేసుకోవచ్చా?

జవాబు: చేతులు పనిచేస్తే వేసుకోవచ్చు, వేసుకోవడమే మేలు. రోజుకు నాలుగైదు సార్లు పలుచని పైపును తానే లోపలికి పంపి, మూత్రం పోయాక తీసేసే ఈ పద్ధతిని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జాక్ లాపిడెస్ 1972లో ప్రచురించాడు. మూత్రాశయం సాగిపోకుండా వేళకు ఖాళీ కావడమే ముఖ్యమని, అందుకు సబ్బుతో కడిగిన చేతులు చాలునని చూపాడు. నిలిచి ఉండే పైపు కంటే ఇందులో చిక్కులు తక్కువ. అలాంటి కార్మికుడు తిరిగి పనిలో చేరాలంటే షెడ్డు దగ్గరే గడియ ఉన్న, నల్లా నీళ్లు వచ్చే మరుగుదొడ్డి ఉండాలి, షిఫ్టు మధ్యలో వెళ్లే అనుమతీ ఉండాలి. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల యాజమాన్యాలు దీన్ని దయగా కాక బాధ్యతగా చూడాలి. వెన్నుపాముకు దెబ్బ ఛాతీ మధ్య భాగానికి పైన తగిలినవారిలో మూత్రాశయం నిండిపోయినా, పైపు మూసుకుపోయినా తీవ్రమైన తలనొప్పి, ముఖాన చెమట వచ్చి, రక్తపోటు ప్రాణాంతకంగా పెరగవచ్చు. అప్పుడు రోగిని వెంటనే లేపి కూర్చోబెట్టి, మూత్రం పోయే దారి సరిచేసి, తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.