పసిపిల్లలకు ‘పడకపోవడం’ – గుర్తించే తీరు

ఒక పదార్థం ఒంటికి ‘పడలేదు’ అనే మాట మన ఇండ్లలో ఎప్పటినుంచో ఉన్నది. వియన్నా నగరపు శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో ‘అలర్జీ’ అని పేరు పెట్టినది దాదాపు ఇటువంటి స్థితికే. అయితే మనము అజీర్తి చేసినా, వేడి చేసినా, జలుబు పట్టినా కూడ ఆ మాటనే వాడుచున్నాము. చిక్కంతా అక్కడ ఉన్నది. గ్రుడ్డు, చేప, పాలు అన్నీ ‘పడవు’ అని మాన్పించి బిడ్డను నీరసింపజేసే ఇండ్లు కొన్ని. నిజముగా పడనప్పుడు దిష్టి తీయుచు కాలము పోగొట్టే ఇండ్లు మరికొన్ని.

ఉద్దానపు జీడిమామిడి తోటలు, పలాస–కాశీబుగ్గల జీడిపప్పు పరిశ్రమ చదువరులు ఎరిగినవే. జీడిపిక్కలు కొట్టే వారి చేతులు పొక్కడము పెంకులోని ఘాటైన నూనె వలన. అది ఎవరికైనా జరుగవచ్చును. పప్పు తిన్న రెండేళ్ల బిడ్డకు పెదవులు ఉబ్బడము వేరు. పప్పులోని మాంసకృత్తులను శరీర రక్షణ వ్యవస్థ శత్రువులుగా ఎంచడము దానికి కారణము. అట్టి బిడ్డకు పాయసములోనో, షీర్ ఖుర్మాలోనో కలిసిన చిన్న పలుకు చాలును. నేతిలో వేయించినంత మాత్రాన దాని గుణము పోదు. జీడిపప్పు పడనివారిలో చాలమందికి పిస్తా కూడ పడదు. మామిడి ఆ కుటుంబపు చెట్టే అయినను, మామిడిపండు మాన్పించే అవసరము సాధారణముగా ఉండదు.

గుర్తించుటకు మొదట చూడవలసినది గడియారము. తిన్న కొద్ది నిమిషములు మొదలు రెండు గంటలలోపు చాల భాగము లక్షణములు బయటపడును. ఆవుపాల విషయములో మాత్రము కొందరు శిశువులకు ఆలస్యముగా, విరేచనములో నెత్తుటి చారలుగా కనిపించవచ్చును. దద్దుర్లు ఉబ్బెత్తుగా లేచి, ఒకచోట అణగి మరొకచోట లేస్తాయి. చెమటకాయలు మెడ మీద, వీపు మీద సన్నగా ఉంటాయి. తట్టు జ్వరముతో వచ్చి, ముఖము నుండి క్రిందికి దిగి, కొన్ని దినములు నిలుచును.

అయినను చర్మము కంటె ఊపిరి ముఖ్యము. మాటలు రాని బిడ్డ గొంతు బిగిసినదని చెప్పలేదు. నాలుక గీరుకొనును, చొంగ కార్చును, గొంతు బొంగురుపోవును, దగ్గును. పిల్లికూతలు వినిపించినా, డొక్కలు ఎగురవేసినా, వాంతులతో కలిసి దద్దుర్లు వచ్చినా, ఆడుకొనుచున్న బిడ్డ హఠాత్తుగా వాలిపోయినా క్షణము ఆలస్యము చేయరాదు. దద్దుర్లు లేకుండ కూడ ఇట్లు జరుగవచ్చును. వెంటనే 108కు ఫోను చేయవలెను. బిడ్డను పడుకోబెట్టవలెను, ఆయాసముగా ఉన్నచో ఒడిలో కూర్చుండబెట్టవచ్చును, నిలబెట్టరాదు. దీనికి మందు తొడ కండరములో ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజక్షను. దురద సిరపు ఊపిరిని కాపాడలేదు. తగ్గినదనుకొన్న తరువాత కొన్ని గంటలకు మరల రావచ్చును గనుక ఆస్పత్రిలో కొంతసేపు ఉంచుట మంచిది.

ప్రమాదము లేని దద్దుర్లు ఉద్దానపు పల్లె నుండి శ్రీకాకుళము చేరేలోపుననే మాయము కావచ్చును. డాక్టరుగారికి చూపుటకు ఏమియు మిగలదు. అందుచేత ఇంటివద్దనే సెల్‌ఫోనుతో ఫోటో తీసి, ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎన్ని నిమిషములకు వచ్చినది ఒక కాగితముపై వ్రాసి తీసికొనిపోవలెను.